అక్క మంచి మనిషే, మరి డబ్బెలా పోయింది?

ప్రశ్న: నమస్కారమండీ. నా పేరు, కాలనీ పేరు వేయకండి. మాది ప్రకాశం జిల్లా. పిల్లల చదువుల కోసమని వచ్చి హైదరాబాద్ శివార్లలో ఉంటున్నాం. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను, మావారు ప్రైవేటు కంపెనీలో చేస్తారు. మా వీధిలో ఒకావిడ చీటీలు నడిపేది. అందరికీ ఆమె అక్కే. మా అమ్మాయికి డెంగీ వచ్చినప్పుడు రాత్రంతా నాతోపాటు ఆస్పత్రి వరండాలో కూర్చుంది. ఆమె దగ్గర 4 లక్షల చీటీ వేశాను. 20 మంది, నెలకు 20 వేలు, పాట తగ్గింపు పోను మిగిలింది కట్టేదాన్ని. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకు పనికొస్తుందని చివరిదాకా ఎత్తుకోకుండా ఉంచాను. 16 నెలలు కట్టాక ఒకరోజు చూస్తే ఇంటికి తాళం. ఐపీ (దివాలా పిటిషన్) పెట్టిందంటున్నారు. నాకు రెండున్నర లక్షల పైనే పోయింది.

డబ్బు కంటే మాటలే ఎక్కువ బాధపెడుతున్నాయి. "నిన్ను ఎవడైనా మోసం చేస్తాడు, నీకు మనుషులు తెలియరు" అని మావారు రోజూ అంటున్నారు. నేను చీటీలో చేరేటప్పుడు మా తమ్ముడు "రిజిస్ట్రేషన్ ఉందా అక్కా?" అని అడిగాడు. నీకు లోకంలో అందరూ దొంగలే కనిపిస్తారని తిట్టాను. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. ఇప్పుడు నాకు ఎవరినీ నమ్మబుద్ధి కావడం లేదు. పాలవాడి లెక్క రెండుసార్లు చూస్తున్నాను. అమ్మాయి కాలేజీ నుంచి కాస్త ఆలస్యంగా వస్తే ఫోన్ లాక్కుని చూస్తున్నాను. ఇదిలా ఉండగా మావారి చిన్నప్పటి స్నేహితుడు ప్రీ లాంచ్ ఫ్లాటు, అంటే ప్రాజెక్టు అధికారికంగా మొదలుకాకముందే అమ్మేది, ఒకటి చెబుతున్నాడు. బయట చదరపు అడుగు 6 వేలుంటే మనకు 3,500కే ఇప్పిస్తాడట, కాకపోతే డబ్బంతా ఒకేసారి కట్టాలట. ఊళ్లో పొలం అమ్మి కడదామని మావారి పట్టుదల. "వాడు మనవాడు, మీ అక్కలాంటిది కాదు" అంటున్నారు. వచ్చే ఆదివారం సైటు చూడ్డానికి వెళ్తున్నాం. మనిషిని చూడగానే నమ్మొచ్చో లేదో పోల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం: మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతానమ్మా. అలాంటి పద్ధతి లేదు. మీ ఒక్కరికే కాదు, ఎవరి దగ్గరా లేదు. అబద్ధాన్ని పోల్చుకోవడం మీద ఏళ్ల తరబడి జరిగిన ప్రయోగాలన్నిటినీ చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే అమెరికన్ పరిశోధకులు 2006లో ఒకచోట చేర్చి లెక్కకట్టారు. దాదాపు 24 వేల మంది ఎదుటివాళ్ల మాటలు విని ఇది నిజం, ఇది అబద్ధం అని చెప్పిన తీర్పులవి. సగటున 100కి 54 సరిపోయాయి. ఏమీ వినకుండా బొమ్మా బొరుసూ వేసి చెప్పినా 50 సరిపోతాయి. పోలీసుల్లాంటి వాళ్లు, అంటే రోజూ ఇదే పనిలో ఉండేవాళ్లు కూడా మామూలు జనం కంటే పెద్దగా మెరుగ్గా ఏమీ లేరు. "నీకు మనుషులు తెలియరు" అని మీవారు అంటున్నారు కదా, ఆ లెక్కన ఆయనకూ తెలియరు.

అబద్ధమాడేవాడు కళ్లలోకి చూడలేడని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. 50కి పైగా దేశాల్లో జనాన్ని అడిగితే ఎక్కువమంది చెప్పిన గుర్తు ఇదే. ప్రయోగాల్లో చూస్తే మాత్రం చూపు తిప్పుకోవడానికీ అబద్ధానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ గుర్తును మోసం చేసేవాడు కూడా విని ఉంటాడు కాబట్టి కళ్లలోకి సూటిగా చూస్తూ మాట్లాడటం అలవాటు చేసుకుంటాడు. నిజం చెబుతున్న బిడియస్తురాలేమో నేల చూపులు చూస్తుంది. అలాంటప్పుడు మనం ఆమెను అనుమానిస్తాం, అతన్ని ఇంట్లోకి పిలిచి కాఫీ ఇస్తాం.

ముఖం సంగతీ అంతే. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జానీన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడొరోవ్ 2006లోనే ఒక ప్రయోగం చేశారు. ముక్కూ ముఖం తెలియనివాళ్ల ఫొటోలను సెకనులో పదో వంతు సేపు చూపించి, ఈ మనిషిని నమ్మొచ్చా అని అడిగారు. అంత తక్కువసేపట్లోనే జనం ఒక అభిప్రాయానికి వచ్చేశారు. ఇంకాస్త ఎక్కువసేపు చూపించినా ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు, తమ అభిప్రాయం మీద ధీమా మాత్రం పెరిగింది. "ఇన్నేళ్లు చూశాను, నాకు తెలియదా" అన్నప్పుడు మనలో మాట్లాడేది చాలాసార్లు ఆ ధీమానే. ఎక్కువసేపు చూశామన్న మాట నిజమే కావచ్చు, కానీ దాంతో ఎక్కువ తెలిసినట్టు కాదు.

అలాగని నమ్మడాన్ని తెలివితక్కువతనం అనకండి. మనుషుల మాట విన్నప్పుడు మన మనసు ముందు దాన్ని నిజమనే తీసుకుంటుందని, అనుమానం తర్వాత, అదీ గట్టి కారణం దొరికితేనే వస్తుందని తిమోతి లెవిన్ అనే పరిశోధకుడు వివరించాడు. ఇందులో లోపమేమీ లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా మనం వినే మాటల్లో చాలావరకు నిజాలే. బస్సు ఎన్నింటికో కండక్టరు చెబుతాడు, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మందుల షాపతను చెబుతాడు, జాకెట్టు ఎప్పటికి ఇస్తారో మీరు మీ కస్టమరుకు చెబుతారు. ఒక్కొక్క మాటకూ సాక్ష్యం అడుగుతూ కూర్చుంటే పూట గడవదు. మోసగాళ్లు బతికేది ఈ మంచి అలవాటు మీదే. దానికి సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ఇప్పుడు మీ అక్క సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆస్పత్రి వరండానే. ఆ రాత్రి మీ పక్కన కూర్చున్నదంతా నాటకమేనా, ఇన్నేళ్లూ నన్ను వలలో వేసుకోవడానికే అలా ఉందా అన్న ప్రశ్న మిమ్మల్ని తినేస్తున్నట్టుంది. ఆమె నేరం సంగతి పోలీసులు తేలుస్తారు. వీధి చీటీలు మాత్రం సాధారణంగా ఎలా మునుగుతాయో చెబుతాను, మీకు కొంత స్పష్టత వస్తుంది.

చీటీలో ముందు నెలల్లో పాట పాడి ఎత్తుకున్నవాళ్లు నిజానికి అప్పు తీసుకున్నవాళ్లు. మీలా చివరిదాకా ఆగినవాళ్లు అప్పు ఇచ్చినవాళ్లు. మధ్యలో ఉన్న మనిషి ఇద్దరికీ హామీ. ఆరో నెలలో ఎత్తుకున్న ఒకతను పదో నెల నుంచి కట్టడం మానేస్తాడు. ఇంకొకామె కొడుకు ఉద్యోగం పోయి ఆగిపోతుంది. ఆ 40 వేలు నడిపే మనిషే తన చేతి నుంచి వేయాలి. ఒక నెల వేస్తుంది, రెండో నెలా వేస్తుంది. చేతిలో లేనప్పుడు ఇంకో కొత్త చీటీ మొదలుపెట్టి అందులో వచ్చింది ఇందులో సర్దుతుంది. అదీ చాలకపోతే నూటికి నాలుగైదు రూపాయల వడ్డీకి తెస్తుంది. బయటికి చెప్పదు, చెబితే మర్నాటి నుంచి ఒక్కరూ కట్టరని తెలుసు. అప్పటికీ పండక్కి అందరికీ అరిసెలు పంపుతూనే ఉంటుంది, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే పరుగెత్తుకెళ్తూనే ఉంటుంది. సర్దగలనన్న ఆశ ఆఖరి వారం దాకా ఉంటుంది. అదీ పోయాక తాళం పడుతుంది.

కావాలనే ముంచేవాళ్లు లేరని నేననడం లేదు, ఉన్నారు. పారిపోవడం తప్పు కాదనీ అనడం లేదు. మీ డబ్బు ఆమె మీకు బాకీ, అందులో రెండో మాట లేదు. కానీ ఆమె మంచితనం చూసి మీరు పొరబడ్డారని మాత్రం అనుకోకండి. అది నిజమే అయి ఉండొచ్చు. ఆ మంచితనం ఏ ప్రశ్నకు జవాబో ఆ ప్రశ్నకే వాడాలి, మరో ప్రశ్నకు జవాబుగా వాడేశారు. పొరపాటు అక్కడ జరిగింది.

నమ్మదగ్గ మనిషి అంటే ఏమిటన్నదాని మీద రోజర్ మేయర్, జేమ్స్ డేవిస్, డేవిడ్ స్కూర్మన్ అనే ముగ్గురు 1995లో రాసిన ఒక వ్యాసాన్ని ఈ రంగంలో ఇప్పటికీ ఆధారంగా తీసుకుంటారు. వాళ్లు చూడమన్నవి మూడు. ఈ మనిషికి ఈ పని చేతనవునా? నా మేలు కోరుతుందా? మాట మీద నిలబడే మనిషేనా? మీ అక్క మీ మేలు కోరిందని ఆస్పత్రి రాత్రి చెప్పింది. నెలనెలా లెక్క తప్పకుండా రాసి ఉంటుంది కాబట్టి మాట మీద ఉండే మనిషిలాగే కనిపించింది. 20 మంది డబ్బును, అందులో ఇద్దరు ఎగ్గొట్టినా తట్టుకుని, 20 నెలలు కాపాడగలదా అన్న మొదటి ప్రశ్న మాత్రం వీధిలో ఎవరికీ తట్టలేదు. ఆమె అయినా ఆ ప్రశ్న వేసుకుందో లేదో. ఆప్యాయత అంతలా కనిపిస్తుంటే ఆ ప్రశ్న తట్టడమే కష్టం.

చట్టం అడిగేది సరిగ్గా ఆ ప్రశ్ననే. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టే ముందే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, చీటీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీని రిజిస్ట్రార్ దగ్గర ఉంచాలి. నడిపేవాళ్లు మంచివాళ్లా కాదా అన్నది ఆ చట్టానికి పట్టదు. రేపు చేతులెత్తేస్తే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదే దానికి కావాలి. మీ తమ్ముడు ఆ రోజు అడిగింది కూడా అదే. అతని సంగతి మళ్లీ చెబుతాను.

వీధిలో అందరూ వేశారు కదా అని మీరు అనుకుని ఉంటారు. అవతలివాళ్లూ మిమ్మల్ని చూసి అదే అనుకుని ఉంటారు. ముందు చీటీల్లో డబ్బు అందుకున్నవాళ్లు నిజాయతీగానే సాక్ష్యం చెబుతారు: "నాకైతే రూపాయి తేడా లేకుండా ఇచ్చిందమ్మా." ఆ మాట అబద్ధం కాదు. కానీ అప్పుడు ఆమె దగ్గర డబ్బుందని మాత్రమే అది చెబుతుంది, రేపటి గురించి అందులో ఏమీ లేదు. అగ్రిగోల్డ్‌లో దాదాపు 32 లక్షల మంది డబ్బు ఇరుక్కుపోయింది. వాళ్ల దగ్గర డబ్బు కట్టించుకున్న ఏజెంట్లు ఎక్కడినుంచో రాలేదు. చాలాచోట్ల బంధువులే, పక్కింటివాళ్లే. తమ డబ్బు కూడా అందులోనే పెట్టి, తాము నమ్మాకే ఇతరులకు చెప్పినవాళ్లు ఎందరో. మనవాడు నిజాయతీపరుడైనంత మాత్రాన మనవాడు చెప్పేది నిజమైపోదు. అతనికీ ఎవరో చెప్పి ఉంటారు, ఆ చెప్పినవాళ్లకు ఇంకెవరో.

ఇక మీవారి స్నేహితుడి విషయం. ఇది చీటీ కంటే చాలా పెద్దది. అక్కడ పోయింది రెండున్నర లక్షలు, ఇక్కడ ఉన్నది పొలం. "వాడు మనవాడు" అనే మాట మీ ఇంట్లో ఇప్పటికి ఎన్నిసార్లు వినపడిందో గుర్తు చేసుకోండి. ఏ మాటనైనా పదేపదే వింటే అది నిజమనిపించడం మొదలవుతుందని 1977లోనే ప్రయోగాల్లో తేలింది. సరైన జవాబు ముందే తెలిసినవాళ్ల మీద కూడా ఈ ప్రభావం ఉంటుందని 2015లో ఇంకో ప్రయోగం చూపించింది. అలవాటైన మాట వినడానికి హాయిగా ఉంటుంది. ఆ హాయిని మనసు నిజం కింద జమకట్టుకుంటుంది. అతని వాట్సాప్ స్టేటస్‌లో రోజూ కనిపించే బ్రోచరు బొమ్మ చేసే పనీ ఇదే.

నేను ఆ స్నేహితుణ్ని మోసగాడనడం లేదు. చదరపు అడుగుకు ఇంత అని కమీషన్ వస్తుందనో, తనకూ ఒక ఫ్లాటు చవగ్గా వస్తుందనో నిజంగానే నమ్మి చెబుతుండొచ్చు. మీరు తూకం వేయాల్సింది అతన్ని కాదు. రియల్ ఎస్టేట్ చట్టం 2016లో వచ్చింది, అందరూ రెరా అంటారు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనైనా, 8 ఫ్లాట్లు మించినా రెరాలో రిజిస్ట్రేషన్ కాకుండా అమ్మడమే కాదు, బుకింగులు తీసుకోవడం, ప్రకటనలు ఇవ్వడం కూడా కుదరదు. రిజిస్టరైన ప్రాజెక్టులో కొనేవాళ్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి, స్థలానికీ కట్టడానికీ తప్ప తీయకూడదు. రిజిస్టరైన ఒప్పందం రాసుకోకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఇవన్నీ పక్కన పెట్టి చూస్తే "రేటు తక్కువ, డబ్బంతా ఒకేసారి" అన్న మాటకు అర్థమేమిటి? బ్యాంకు వడ్డీకి ఇవ్వాల్సిన అప్పును మీరు ఏ తనఖా లేకుండా ఇస్తున్నారు. చీటీలో చివరిదాకా ఆగినప్పుడు మీరు ఏ స్థానంలో ఉన్నారో ఇప్పుడు మీవారు అక్కడే నిలబడబోతున్నారు. ఈ మాట ఆయన్ను దెప్పడానికి కాదు. ఇద్దరూ ఒకే రకంగా నమ్మారని ఆయనకు అర్థమైతే రోజూ అనే ఆ మాట ఆగుతుందని నా ఆశ.

మరి అడగడం ఎలా? కష్టమంతా అక్కడే ఉంది. రెరా నంబరు చెప్పమనగానే అవతలి నుంచి వచ్చే మొదటి మాట మనకు తెలుసు: "ఏంటి చెల్లెమ్మా, నన్నే అనుమానిస్తున్నావా? నేను పరాయివాణ్నా?" ఒక్క క్షణంలో కాగితం సంగతి పక్కకు వెళ్లిపోయి, చర్చ అనుబంధం మీదికి మళ్లుతుంది. ఇంకోసారి అడిగితే మనమే చెడ్డవాళ్లం అయిపోతాం. మీవారు పక్కనుంచి "ఊరుకో" అంటారు. మన ఇళ్లలో ఆడవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు ఇలా గొంతులోనే ఎన్ని ఆగిపోతాయో! మగవాళ్లూ స్నేహితుడి ముందు చిన్నబోతామని అడగరు.

ఆ మాట విన్నంత మాత్రాన మోసమని తేల్చేయకండి. నిజాయతీపరుడికి కూడా అనుమానిస్తే బాధ కలుగుతుంది. ఆ తర్వాత ఏం చేస్తాడో చూడండి. బాధపడినా సరే సాయంత్రానికి కాగితం తెచ్చి "ఇదిగో చూసుకోండి, మీ లాయరుకు కూడా చూపించుకోండి" అంటాడా? లేక కాగితం రాకుండా "రేపటితో ఈ రేటు అయిపోతుంది", "ఈ సంగతి ఇంకెవరికీ చెప్పొద్దు, మీకు మాత్రమే" అన్న మాటలే వస్తాయా? మీరు ఇంకొకరిని అడగకుండా ఆపాలని చూసే మనిషి మాట మీద డబ్బు పెట్టకండి, ఎంత దగ్గరివాళ్లయినా సరే. మనుషుల గురించి ఇంతకంటే గట్టిగా చెప్పగలిగింది నా దగ్గర లేదు.

అడిగేటప్పుడు అతని మీద పెట్టకుండా మీ ఇంటి మీద పెట్టుకోండి. "అన్నయ్యా, చీటీలో దెబ్బతిన్నాక మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. లక్ష దాటిన దేనికైనా కాగితాలు మా లాయరు చూశాకే డబ్బు కదులుతుంది. సొంత తమ్ముడైనా ఇదే." ఇందులో అతన్ని వేలెత్తి చూపిందేమీ లేదు కాబట్టి నొచ్చుకోవడానికి కారణం ఉండదు. అయితే ఈ పద్ధతి నిజంగానే ఉండాలి, అతని కోసం అప్పటికప్పుడు కల్పించినట్టు ఉండకూడదు. ఈ వారంలోనే మీరిద్దరూ కూర్చుని, ఎంత దాటితే కాగితం అడగాలో ఒక అంకె అనుకోండి. ఆ అంకెకు కింద ఉన్నవాటిని ఇప్పటిలాగే మనిషిని చూసి ఇచ్చేయండి. పక్కింటావిడకు 500 చేబదులు ఇవ్వడానికి ఇంత తతంగం అక్కర్లేదు.

పాలవాడి లెక్క గురించి, అమ్మాయి ఫోను గురించి చెప్పాలి. మీరు ఎక్కువ బాధపడాల్సింది వీటికేనని నాకనిపిస్తోంది. ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాక ఎవరినీ నమ్మకపోవడమే క్షేమం అనిపిస్తుంది. దానివల్ల జరిగే నష్టం మాత్రం కనపడదు. జర్మనీలో డెట్లెఫ్ ఫెచెన్‌హవర్, అమెరికాకు చెందిన డేవిడ్ డన్నింగ్ దీని మీద కలిసి పనిచేశారు. ముక్కూ ముఖం తెలియని మనిషి చేతిలో కొంత డబ్బు పెడితే, అది పెరిగాక న్యాయంగా తిరిగి ఇస్తాడా లేదా అని అడిగితే, దాదాపు సగం మందే ఇస్తారని జనం అంచనా వేశారు. నిజంగా ఇచ్చినవాళ్లు 100కి 80 దరిదాపుల్లో ఉన్నారు. ఇంత తప్పు అంచనా ఇన్నేళ్లుగా ఎందుకు సరికాలేదు? నమ్మి మోసపోతే మనకు తెలుస్తుంది, గుర్తుంటుంది. నమ్మకుండా వదిలేసిన మనిషి మంచివాడని మాత్రం ఎప్పటికీ తెలిసే దారి లేదు. అలా అనుమానం తనను తానే పెంచుకుంటూ పోతుంది.

జపాన్‌లో తోషియో యమగిషి అనే సామాజిక మనస్తత్వవేత్త చేసిన పరిశోధనల్లో ఇంకో ఆశ్చర్యం ఉంది. మనుషులను మామూలుగా నమ్మే స్వభావం ఉన్నవాళ్లు అమాయకులని మనం అనుకుంటాం. ఎదుటి మనిషి నమ్మదగనివాడని సూచించే సమాచారం అందినప్పుడు మాత్రం, ఎవరినీ నమ్మనివాళ్ల కంటే వీళ్లే చురుగ్గా గమనించి అభిప్రాయం మార్చుకున్నారు. ఇది సబబుగానే ఉంది. పదిమందితో మెలిగేవాళ్లకు మనుషుల తేడాలు తెలుస్తాయి, తలుపు వేసుకుని కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తాయి?

అందుకని పాలవాడి లెక్క నెలకు ఒకసారి చూడండి, చాలు. అమ్మాయి ఫోన్ తీసుకోవడం మాత్రం ఇవాళే మానేయండి. మీ డబ్బు పోవడంలో ఆ పిల్ల తప్పేమీ లేదు. పైగా పోయింది తన ఫీజు డబ్బే, ఆ దిగులు తనకూ ఉంటుంది, పైకి చెప్పకపోవచ్చు. ఫోన్ లాక్కుంటే మీకు తెలిసేది ఆ రోజు ఎవరికి మెసేజ్ పెట్టిందన్నది మాత్రమే. రేపు నిజంగా ఏదైనా కష్టం వస్తే మీ దగ్గరికే వచ్చి చెప్పుకోవాలి కదా, ఆ దారి మూసుకుపోతుంది. ఆలస్యమైతే ఎందుకైందని అడగండి. చెప్పింది వినండి. అంతే.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. అతను చెప్పింది ఎందుకు చెవికెక్కలేదో ఆలోచించారా? అక్క మీకు ఓదార్పు ఇచ్చింది, తమ్ముడు హెచ్చరిక ఇచ్చాడు. అక్క మాట వింటే మీరు మనుషులను తెలిసినవారు, తమ్ముడి మాట వింటే మీరు తెలియనివారు. మనల్ని చిన్నబుచ్చే మాట నిజమైనా సరే మనసు దాన్ని బయటికి నెట్టేస్తుంది. చెప్పిన తీరు కటువుగా ఉందేమో, నాకు తెలియదు. కానీ అతను అక్క మంచిదా చెడ్డదా అనలేదు, మీకు తెలివిలేదనలేదు. రిజిస్ట్రేషన్ ఉందా అని మాత్రమే అడిగాడు. ఊరికే అందరినీ అనుమానించేవాళ్లు ఇలా అడగరు, "ఆమెను చూస్తేనే తేడాగా ఉంది" అంటారు. ఏది అడగాలో తెలిసి అడిగే మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు. ఫోన్ చేయండి. "నువ్వు చెప్పింది నిజమైంది" అన్న ఒక్క మాట చాలు, క్షమాపణలు పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. "చూశావా, నేను చెప్పలేదా" అని అతను అంటే అననివ్వండి. ఒక నిమిషం కోపం వస్తుంది, పోతుంది.

పోయిన డబ్బు గురించి మీరు అడగలేదు గానీ, వదిలేయకండి. చీటీ పుస్తకంలో ఆమె రాసిన పేజీలన్నిటికీ ఫొటోలు తీసుకోండి. ఫోన్‌పే, గూగుల్‌పేలో పంపినవాటికి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. వాట్సాప్ గ్రూపులోని మెసేజీలు చెరపకండి. మిగతావాళ్లతో కలిసి ఒకే ఫిర్యాదుగా పోలీసులకు ఇవ్వండి, ఒక్కొక్కరుగా వెళ్తే బరువుండదు. ఐపీ నోటీసు కోర్టు నుంచి వస్తే పక్కన పడేయకుండా తారీఖు చూసుకుని లాయరును పంపండి. అప్పులవాళ్ల జాబితాలో మీ పేరు, మీకు రావాల్సిన మొత్తం సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం ముఖ్యం. మొత్తం తిరిగి వస్తుందని చెప్పలేను, సాక్ష్యం ఉన్నవాళ్లకే ఎంతో కొంత వచ్చే అవకాశం ఉంటుంది.

ఆదివారం సైటుకు వెళ్లడం మానుకోనక్కర్లేదు. కానీ అక్కడ కనిపించే బోర్డులు, ఎల్‌ఈడీ తెరలు, కూల్‌డ్రింకులు ఏ ప్రశ్నకూ జవాబు కావు. శనివారం రాత్రే రెరా రిజిస్ట్రేషన్ నంబరు మెసేజ్ పెట్టమని ఆ స్నేహితుణ్ని అడగండి. నంబరు వస్తే తెలంగాణ రెరా వెబ్‌సైటులో కొట్టి చూడండి: ప్రాజెక్టు పేరు, బిల్డరు పేరు, సర్వే నంబరు బ్రోచరులో ఉన్నట్టే ఉన్నాయా? ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయించండి. ఈ పనికి మీ తమ్ముణ్ని పిలవండి, మీవారినీ పక్కన కూర్చోబెట్టుకోండి, కంప్యూటరు మీద ఆయన చేతే వెతికించండి. నంబరు రాకపోతే, "ఇంకా రాలేదు, వచ్చే నెలలో వచ్చేస్తుంది" అంటే, "అయితే వచ్చే నెలే మాట్లాడుకుందాం అన్నయ్యా" అనండి. అప్పటిదాకా పొలం అమ్మకం మాట ఊళ్లో ఎవరి దగ్గరా ఎత్తకండి. బేరం కుదిరాక ఆ డబ్బు చేతిలో ఉంటే కాదనడం ఇంకా కష్టమవుతుంది.